ఆంధ్రా ప్యారిస్‌లో కాలినడకన...

ప్యారిస్‌లో నోటర్‌డామ్ చర్చి ముందు, నడిచేవాళ్ల కాళ్ల కింద, ఒక కంచు బిళ్ల ఉంటుంది. ప్యారిస్ నుంచి ఏ ఊరు ఎన్ని కిలోమీటర్లో లెక్క మొదలయ్యేది అక్కణ్ణుంచే. పొద్దున్నే ఆ చుట్టుపక్కలకు వెళితే రంగు గొడుగులు పైకెత్తి పట్టుకుని నిలబడ్డ మనుషులు కనిపిస్తారు. వాన లేకపోయినా సరే, గొడుగు మాత్రం గాల్లోనే ఉంటుంది. అది గుర్తన్నమాట! దాని చుట్టూ పదిపదిహేను మంది పోగవుతారు. ఇక నడక మొదలు. రెండు మూడు గంటలు సాగుతుంది. కొన్నిచోట్ల టిక్కెట్టు కూడా ఉండదు. చివర్లో ఎవరికి తోచింది వాళ్లు గైడు చేతిలో పెట్టి వెళ్లిపోతారు. దీన్నే వాకింగ్ టూర్ అంటారు. ప్రాగ్, రోమ్, లండన్, డబ్లిన్... యూరప్‌లో పాత రాజధాని ఏదైనా ఈ గొడుగులు లేకుండా ఉండదు.

ఇంతకీ ఆ గైడు చూపించేదేమిటి? చర్చీలు, రాజభవనాలు సరే. సగానికి సగం మామూలు ఇళ్లే. కార్డినల్ లెమ్వాన్ అనే వీధిలో 74వ నంబరు ఇల్లు అలాంటిదే. అమెరికా రచయిత హెమింగ్వే 1922, 23లలో భార్యతో అక్కడ అద్దెకున్నాడు. గోడకి చిన్న ఫలకం. అంతే! కానీ ఆ ఫలకం ముందు నిలబడి గైడు కథ ఎత్తుకుంటాడు. డబ్బు చాలక భోజనం మానేసి వీధులు పట్టుకు తిరిగిన రోజుల గురించి హెమింగ్వే తర్వాత రాసుకున్నాడు. ఆ పుస్తకం ఆయన పోయాక, 1964లో వచ్చింది. ఆ ఆకలి కథ విన్నాక ఆ ఇల్లు మామూలు ఇల్లుగా కనపడదు. గోడ పక్కన ఒక మనిషి కథ పెడితే అది చూడదగ్గ స్థలమైపోతుంది. కిటుకంతా ఇంతే.

ఇప్పుడు మన ఇళ్లలో చాలామంది అమ్మానాన్నలు పిల్లల దగ్గరికని విదేశాలు వెళ్లి ఈ గొడుగుల వెనక నడిచి వస్తున్నారు. ఫొటోలు తెచ్చి చుట్టాలకి చూపిస్తున్నారు. తెనాలి స్టేషన్లో దిగి, ఆటో ఎక్కి, కళ్లు మూసుకుని ఇంటికి వెళ్లిపోతున్నారు. మరి ఆంధ్రా ప్యారిస్ అని అంత గొప్పగా చెప్పుకునే ఊళ్లో గొడుగు పట్టుకున్న మనిషి ఎప్పుడైనా ఎదురయ్యాడా? లేడు కదా. ఈ ఆదివారానికి మనమే పట్టుకుందాం. పదండి.

ముందు పేరు సంగతి

తెనాలికి ప్యారిస్ అనే పేరు ఎందుకొచ్చిందంటే ఒక్కొక్కరు ఒక్కో కారణం చెబుతారు. ప్యారిస్ మధ్యలో సీన్ నది ఉన్నట్టు తెనాలి మధ్యలోంచి మూడు కాలువలు పారతాయి కాబట్టి అనేది ఎక్కువమంది చెప్పే మాట. నాటకాలు, సినిమాలు, పుస్తకాలు, ఇస్త్రీ నలగని బట్టలు కారణమని ఇంకొందరంటారు. రెండూ నిజమే అనుకుందాం. ఎందుకంటే రెండోది మొదటిదాని వల్లే వచ్చింది.

బెజవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట 1855లో పూర్తయింది. ఆ నీళ్లు దుగ్గిరాల మీదుగా తూర్పు కాలువ, పడమటి కాలువ, నిజాంపట్నం కాలువలుగా తెనాలికి వచ్చాయి. నీళ్లతో పాటు పడవలొచ్చాయి. వరి పండింది. వరి తర్వాత మినుము పండింది. హైదరాబాదులో మీరు తినే ఇడ్లీలో తెనాలి మినపగుళ్లు ఉన్నా ఆశ్చర్యపోనక్కర్లేదు. పంట చేతికొచ్చాక రైతు చేతిలో నాలుగు డబ్బులు, నాలుగు నెలల తీరిక మిగిలాయి. ఆ డబ్బుతో, ఆ తీరికతో నాటక సమాజాలు పుట్టాయి. పత్రికలు పుట్టాయి. అచ్చాఫీసులు పుట్టాయి. ప్యారిస్ అయినా తెనాలి అయినా, కళకి ముందు కడుపు నిండాలి మరి.

సీన్ నది గట్లని 1991లో యునెస్కో ప్రపంచ వారసత్వంగా గుర్తించింది. మన కాలువల సంగతి చూడాలంటే వేసవిలో నీళ్లు కట్టేసినప్పుడు వంతెన మీద నిలబడి కిందకి చూస్తే చాలు. ప్లాస్టిక్ సంచులు లెక్కపెట్టుకోవచ్చు!

మొదటి మజిలీ: రైల్వే స్టేషను

మన కంచు బిళ్ల ఇక్కడే వేసుకుందాం. బెజవాడ నుంచి మద్రాసుకి రైలు దారి 1899లో కలిసింది. తెనాలిని పెద్ద ఊరు చేసింది కాలువైతే, లోకంతో కలిపింది ఈ పట్టాలే.

1942 ఆగస్టు 12. క్విట్ ఇండియా పిలుపు వచ్చి నాలుగు రోజులైంది. పెద్ద నాయకులంతా అప్పటికే జైల్లో ఉన్నారు. తెనాలి జనం ఊరేగింపుగా స్టేషను మీదికి వచ్చారు. పోలీసులు కాల్పులు జరిపారు. ఏడుగురు చనిపోయారు. వాళ్ల గుర్తుగా ఊళ్లో కట్టిందే రణరంగ చౌక్. రోజూ ఆ చౌక్ మీదుగా స్కూలుకి వెళ్లే పిల్లల్ని ఆపి అడగండి. "రణరంగం అంటే ఏంట్రా నాన్నా?" సగం మంది "బస్సు ఆగే చోటండీ" అంటారేమో. తప్పు పిల్లలది కాదు. ఏడుగురు ఎవరో, ఏ వీధివాళ్లో, ఆ రోజు పొద్దున ఇంట్లో ఏం చెప్పి బయల్దేరారో వాళ్లకి ఎవరు చెప్పారని?

రెండో మజిలీ: డబ్లిన్ నుంచి వచ్చిన ఛైర్మన్

గాంధీ చౌక్, బోస్ రోడ్డు మీదుగా నడుద్దాం. దారిలో బెల్లం జిలేబీ వేడివేడిగా పడుతుంటే ఆగడం తప్పదు. ప్యారిస్ గైడ్లు కూడా మధ్యలో ఒక కాఫీ దుకాణం ముందు ఆపుతారు. అంచేత ఇది టూర్‌లో భాగమే! ఆకు మీద జిలేబీ పెట్టుకుని ఈ కథ వినండి.

తెనాలి మునిసిపాలిటీ 1909లో ఏర్పడింది. 1920లలో దానికి ఒక బారిస్టరు ఛైర్మన్ అయ్యారు. కృష్ణా జిల్లా అంగలూరులో పుట్టి, 1914లో డబ్లిన్ వెళ్లి ట్రినిటీ కాలేజీలో చదివి వచ్చినాయన. ఆయనే కవిరాజు త్రిపురనేని రామస్వామి చౌదరి. అప్పటి డబ్లిన్ ఇంగ్లీషు వాళ్ల పాలన మీద తిరగబడటానికి సిద్ధమవుతున్న రాజధాని. అక్కడ చదివి వచ్చిన మనిషి ఊరకే ఉంటాడా? గంగానమ్మకి జంతుబలులు ఇవ్వడానికి వీల్లేదన్నారు. పెళ్లి మంత్రాలు అర్థమయ్యే తెలుగులో ఉండాలని రాసి, తనే దగ్గరుండి పెళ్లిళ్లు చేయించారు. తెనాలిలో తన ఇంటికి సూతాశ్రమం అని పేరు పెట్టుకున్నారు. ఆయన మాటలతో ఏకీభవించేవారు ఉంటారు, లేనివారూ ఉంటారు. కానీ గంగానమ్మపేట మీదుగా నడిచేటప్పుడు ఈ కథ తెలియకపోతే సగం ఊరు చూడనట్టే.

రామలింగేశ్వరపేట వైపు వెళితే రామలింగేశ్వరస్వామి గుడి. తెనాలి అనగానే అందరికీ గుర్తొచ్చే రామకృష్ణుడి పేరు ఈ స్వామితోనే ముడిపడింది. పిల్లికి పాలు, దొంగలకి బావి నీళ్లు... ఈ కథలు మనందరికీ వచ్చు. పంచకావ్యాల్లో ఒకటైన ‘పాండురంగ మాహాత్మ్యం’ రాసింది కూడా ఆయనేనని చెబితే పిల్లలు ఆశ్చర్యపోతారు. ఊరికి ఇంత పేరు తెచ్చిన మనిషిని మనం నవ్వుకే పరిమితం చేశాం.

మూడో మజిలీ: చందమామ పుట్టిల్లు

ఐతానగరంలోకి రండి. ఆలూరి వెంకట సుబ్బారావు అంటే ఎవరూ గుర్తుపట్టరు. చక్రపాణి అంటే అందరూ గుర్తుపడతారు. ఆయన ఈ ఐతానగరం మనిషి. మదనపల్లె శానటోరియంలో క్షయకి చికిత్స పొందుతూ బెంగాలీ నేర్చుకున్నారు. శరత్‌బాబుని తెలుగువాళ్ల ఇంట్లో మనిషిని చేశారు. ఆ అనువాదాలు చదివి దేవదాసు మనవాడేననుకున్న ఇల్లాళ్లు ఎంతమందో! 1930లలో తెనాలి నుంచి ‘యువ’ పత్రిక నడిపారు. తర్వాత నాగిరెడ్డిగారితో కలిసి 1947 జులైలో ‘చందమామ’ మొదలుపెట్టారు. ఆ చందమామని ఏళ్ల తరబడి తీర్చిదిద్దిన కొడవటిగంటి కుటుంబరావు కూడా తెనాలిలో పుట్టినవారే. ‘మాయాబజార్’, ‘మిస్సమ్మ’, ‘గుండమ్మ కథ’ తీసిన విజయా సంస్థలో సగం చక్రపాణి. అంటే మన ఇళ్లలో మూడు తరాల పిల్లలు రాత్రిళ్లు చదివిన కథలకి, పండగకి టీవీలో వేస్తే వంటిల్లు వదిలి వచ్చి కూర్చునే సినిమాలకి ఒక వేరు ఈ వీధిలో ఉంది.

సినిమావాళ్ల జాబితా చదవడం మొదలుపెడితే సాయంత్రమవుతుంది. గుమ్మడిది రావికంపాడు, జగ్గయ్యది మోరంపూడి, కృష్ణది బుర్రిపాలెం. అన్నీ చుట్టుపక్కల ఊళ్లే. ‘ఊర్వశి’ శారద తెనాలిలో పుట్టారు. చలం చిన్నతనం గడిచింది ఇక్కడే.

నాలుగో మజిలీ: పేరులేని హోటలు

ఇక్కడ కాస్త నెమ్మదిగా నడుద్దాం.

1937లో ఒక తమిళ కుర్రాడు తండ్రితో కలిసి తెనాలి వచ్చాడు. పేరు నటరాజన్. పొట్ట నింపుకోవడానికి హోటల్లో పనికి కుదిరాడు. తెలుగు రాదు. బల్లలు తుడుస్తూ, కాఫీలు అందిస్తూ, దొరికిన పుస్తకమల్లా చదువుతూ నేర్చుకున్నాడు. నేర్చుకుని ఊరుకోలేదు. ‘శారద’ అనే పేరుతో తెలుగులో రాయడం మొదలుపెట్టాడు. పగలంతా హోటలు చాకిరీ, రాత్రి రాత. మధ్యలో మూర్ఛ జబ్బు. ‘ఏది సత్యం’, ‘మంచీ చెడూ’, ‘అపస్వరాలు’ నవలలు రాశాడు. బోలెడు కథలు రాశాడు. తన కథ తాను చెప్పుకోవడం మొదలుపెట్టి దానికి ‘క్షుద్బాధ’ అని పేరు పెట్టాడు. ఆకలి బాధ అని అర్థం. అది పూర్తి కాలేదు. 1955 ఆగస్టులో కన్నుమూశాడు. ముప్ఫై ఏళ్లు కాస్త అటూ ఇటూ, అంతే వయసు.

ప్యారిస్‌లో హెమింగ్వే ఆకలి కథ చెప్పి గైడు సంపాదించుకుంటున్నాడు. హెమింగ్వేకి తర్వాత డబ్బొచ్చింది, నోబెల్ బహుమతి వచ్చింది. మన నటరాజన్‌కి ఆకలి ఒక్కటే చివరిదాకా తోడుంది. పరాయి భాషని ప్రేమించి, ఆ భాషలో అంత బాగా రాసి, ఆ భాష మాట్లాడే ఊళ్లో ఆకలితో పోయాడు. తెనాలి వాకింగ్ టూర్‌లో నన్ను ఒకే ఒక్క ఫలకం పెట్టమంటే ఈయనకే పెడతాను. ఏ హోటలు, ఏ వీధి, ఏ మూల కూర్చుని రాసేవాడు? ఆయన చేతి కాఫీ తాగిన పదేళ్ల పిల్లాడెవరైనా ఉంటే ఆ పిల్లాడికి ఇప్పుడు ఎనభై నిండాయి. అడగాలంటే ఇప్పుడే అడగాలి.

తెనాలి వదిలే ముందు ఒక శిల్పశాలలోకి తొంగి చూడండి. లారీల గేర్లు, బోల్టులు, గొలుసులు... పాత ఇనప సామాను కొట్లో పడేసే తుక్కుతో ఇక్కడి శిల్పులు నిలువెత్తు విగ్రహాలు చేస్తారు. దగ్గర్నుంచి చూస్తే నట్టులు, దూరం నుంచి చూస్తే కళ్లు. ప్యారిస్‌వాళ్లకి 1889 నాటి ఐఫిల్ టవర్ ఇనుముంటే మనకి ఈ ఇనుముంది. తక్కువేం కాదు!

రేపల్లె రైలెక్కి...

కాళ్లు నొప్పి పుడితే రైలెక్కుదాం. తెనాలి నుంచి రేపల్లెకి 1916లో వేసిన చీలిక లైను ఉంది. కిటికీ పక్కన సీటు దొరికితే రెండు వైపులా పచ్చటి చేలు, మధ్యమధ్య తాటిచెట్లు. వేమూరు దాటాక భట్టిప్రోలు వస్తుంది. ఇక్కడ దిగాల్సిందే.

రెండు వేల ఏళ్లకు పైబడిన బౌద్ధ స్తూపం ఇక్కడుంది. 1892లో అలెగ్జాండర్ రీ తవ్వినప్పుడు రాతి భరిణెలు బయటపడ్డాయి. వాటి మీద బ్రాహ్మీ లిపిలో రాతలు, కుబేరకుడనే రాజు పేరు ఉన్నాయి. దక్షిణ దేశంలో దొరికిన అతి పాత రాతల్లో అవి ఉన్నాయి. మన ‘అ ఆ’ల పూర్వీకుల్ని వెతికేవాళ్లు భట్టిప్రోలు దగ్గర ఆగకుండా ముందుకు పోలేరు. మరి స్తూపం అంత చిన్నగా మిగిలిందేం అంటారా? పందొమ్మిదో శతాబ్దంలో దాని ఇటుకలూ రాళ్లూ పీకి రోడ్లకీ కాలువ పనులకీ వాడేశారు. తెనాలిని ప్యారిస్ చేసిన కాలువల కోసమే ఇది కరిగిపోయింది! ఆనాడు ఇది ఫలానా అని చెప్పే మనిషి పక్కన లేడు. చెప్పేవాళ్లు లేనిచోట చరిత్ర కంకరైపోతుంది.

రేపల్లెతో పట్టాలు అయిపోతాయి. కృష్ణుడు పెరిగిన పల్లె పేరే ఈ ఊరికీ ఉంది. ఊరికి పక్కనే పెనుమూడి, అవతల పులిగడ్డ, మధ్యలో కృష్ణమ్మ. వారధి లేని రోజుల్లో పడవ మీద దివిసీమకి దాటిన జ్ఞాపకాలు ఇక్కడి ప్రతి ఇంట్లో ఉంటాయి. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన కథ కూడా ఉంటుంది. అడిగితే చెబుతారు. చెప్పేటప్పుడు ఇప్పటికీ గొంతు వణుకుతుంది.

రేపల్లెకి దిగువన సముద్రం ఒడ్డున నిజాంపట్నం. 1611లో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ ఓడ ‘గ్లోబ్’ ఈ రేవుకి వచ్చింది. వాళ్ల లెక్కల్లో దీని పేరు పెటపోలి. డచ్చివాళ్లు అంతకు ముందే వచ్చి ఉన్నారు. అందరికీ కావలసింది మన నేత, మన రంగు బట్ట. మనం యూరప్ చూడటానికి వెళ్లడం నిన్న మొన్నటి సంగతి. వాళ్లు మన ఊళ్లు వెతుక్కుంటూ వచ్చి నాలుగు వందల ఏళ్లు దాటింది.

చివరి మజిలీ: బాపట్ల

మళ్లీ తెనాలి వచ్చి మద్రాసు లైను పట్టుకుంటే నిడుబ్రోలు దాటి బాపట్ల. భావనారాయణస్వామి పేరు మీద భావపురి, అదే బాపట్ల అయిందంటారు. 1913 మేలో మొదటి ఆంధ్ర మహాసభ ఇక్కడే జరిగింది. బి.ఎన్.శర్మ అధ్యక్షులు. తెలుగువాళ్లకి వేరే రాష్ట్రం కావాలా వద్దా అని గట్టిగా వాదించుకున్నారు. ఆ మాట నిజమై ఆంధ్ర రాష్ట్రం రావడానికి నలభై ఏళ్లు పట్టింది. తాలూకా కేంద్రంగా ఉన్న ఆ ఊరు 2022 ఏప్రిల్‌లో జిల్లా కేంద్రమైంది. రేపల్లె కూడా ఇప్పుడు బాపట్ల జిల్లాలోదే.

ఇక్కడే 1902లో స్థానం నరసింహారావు పుట్టారు. హరిశ్చంద్ర నాటకంలో చంద్రమతి వేషం కట్టాల్సిన మనిషి రాకపోతే తాను చీర కట్టుకుని రంగం మీదికి వెళ్లారు. అంతే, ఇక ఆ చీర వదల్లేదు. తెనాలి శ్రీరామ విలాస సభలో చేరి సత్యభామగా, చిత్రాంగిగా, మధురవాణిగా ఆంధ్రదేశాన్ని ఊపేశారు. ఆయన చీరకట్టు చూసి ఆడవాళ్లు నేర్చుకునేవారని పెద్దవాళ్లు చెప్పుకునేవారు. 1956లో పద్మశ్రీ వచ్చింది. ప్యారిస్‌లో సారా బెర్నార్డ్ అనే మహానటి 1899లో మగవేషం కట్టి హామ్లెట్‌గా నటించింది. ఆమె పేరుతో నాటకశాలే వెలిసింది. అక్కడ ఆమె మగవాడైతే ఇక్కడ ఈయన ఆడది. లెక్క సరిపోయింది!

బాపట్లలో చూడాల్సినది ఇంకొకటుంది. అది మీ కంచంలోనే ఉంది. 1945లో పెట్టిన వ్యవసాయ కళాశాల ఉన్న ఊరిది. ఇక్కడి వరి పరిశోధకులు రూపొందించి 1986లో విడుదలైన రకం బీపీటీ 5204. సాంబ మసూరి అంటే తెలియనివారెవరు? ఆ ‘బీపీటీ’ అంటే బాపట్లే. ఐఫిల్ టవర్‌ని ఏడాదికి ఎన్ని లక్షలమంది చూస్తారో గానీ, బాపట్ల పేరుని రోజూ రెండు పూటలా కలుపుకుని తినేవాళ్లు అంతకంటే ఎక్కువే ఉంటారు.

సాయంత్రానికి సూర్యలంక ఒడ్డున కాళ్లు తడుపుకుంటే నడక పూర్తి.

గొడుగు ఎవరిది?

ఇదంతా ఎవరు చేయాలి అంటే మనకి వెంటనే ప్రభుత్వం గుర్తొస్తుంది. చేస్తే సంతోషమే. కానీ ప్యారిస్ వీధుల్లో గొడుగు పట్టుకున్నవాళ్లలో చాలామంది మామూలు కుర్రాళ్లు, విద్యార్థులు, ఊరి మీద మమకారం ఉన్నవాళ్లు. వాళ్ల దగ్గర ఉన్నది నోరు, గొడుగు. ఆ రెండూ మన దగ్గరా ఉన్నాయి.

ఒక హైస్కూలు తెలుగు మాస్టారు, ఒక రిటైరైన గుమాస్తాగారు, డిగ్రీ చదివే నలుగురు పిల్లలు కలిస్తే చాలు. నెలకొక ఆదివారం, పొద్దున ఆరింటికి. ఎండ ముదరకముందే ముగించాలి. పది మజిలీలు, ఒక్కో చోట ఒక్క కథ. అయిదు నిమిషాలకి మించి చెబితే పిల్లలు జిలేబీ కొట్టు వైపు చూస్తారు. కథ చెప్పేముందు తెలిసినవాళ్లని అడిగి, పుస్తకం చూసి సరిచూసుకోవాలి. ఊరి మీద ప్రేమతో ఊరికి లేని గొప్పలు అంటగట్టక్కర్లేదు, ఉన్నవే మోయలేనన్ని ఉన్నాయి.

2019 ఏప్రిల్‌లో నోటర్‌డామ్ కాలిపోతుంటే ప్యారిస్ జనం రోడ్ల మీద నిలబడి ఏడ్చారు. అయిదేళ్లు కష్టపడి 2024 డిసెంబరులో మళ్లీ తలుపులు తెరిచారు. వాళ్లు ఏడవగలిగింది ఆ గోడల కథలు వాళ్లకి చిన్నప్పటి నుంచీ తెలుసు కాబట్టి. మన వీధిలో పాత పెంకుటిల్లు పడగొట్టి అపార్ట్‌మెంటు లేపుతుంటే మనం కూడా చూస్తూనే ఉంటాం. ఆ ఇంట్లో ఎవరున్నారో తెలియదు కాబట్టి దుమ్ము మాత్రమే కనిపిస్తుంది.

అందుకే ఈ మధ్యాహ్నం భోజనాలయ్యాక ఒక పని చేయండి. ఇంట్లో తాతయ్యో అమ్మమ్మో ఉంటే పక్కన కూర్చుని, "తాతయ్యా, మన వీధిలో నీ చిన్నప్పుడు ఎవరెవరుండేవాళ్లు?" అని అడగండి. పిల్లల చేత ఒక నోటు పుస్తకంలో రాయించండి. ముందు నాలుగు ఇళ్లు చాలు. వచ్చే ఆదివారం ఆ నాలుగు ఇళ్ల దాకా నడిచి రండి. ఎండగా ఉంటే గొడుగు తీసుకెళ్లడం మర్చిపోకండి.